లీటరుకి ఎంత? మనిషికి ఎంత?

ఈమధ్య మా ఆఫీసు వాట్సాప్ గ్రూపుల్లో ఫ్లోరైడ్ మీద పెద్ద యుద్ధమే నడుస్తోంది. టూత్‌పేస్టులో ఫ్లోరైడ్ ఉంటే పిల్లల తెలివితేటలు తగ్గిపోతాయని ఒకాయన. అదంతా ఉత్తదే, ఫ్లోరైడ్ లేకపోతే పళ్ళు పుచ్చిపోతాయని ఇంకొకాయన. ఒకరు అమెరికా కోర్టు తీర్పు పంపిస్తే ఇంకొకరు అమెరికా డెంటిస్టుల ప్రకటన పంపిస్తారు. మధ్యలో ఎవరో ఒకరు హిట్లర్ని కూడా లాక్కొస్తారు, ఖైదీల బుర్రలు మొద్దుబారాలని నీళ్ళలో ఇదే కలిపించాడట. దానికి చారిత్రక ఆధారం ఏదీ లేదు, అయినా ఫార్వార్డ్‌కి ఆధారాలతో పనేముంది!

నాకు ఆశ్చర్యం కలిగించింది వాళ్ళ వాదన కాదు. రెండు రోజులు కొట్టుకున్న ఆ గ్రూపులో తొంభై శాతం తెలుగువాళ్ళే. ఒక్కళ్ళు కూడా నల్గొండ పేరు ఎత్తలేదు. కనిగిరి పేరు ఎత్తలేదు. మన దేశంలో మంచినీళ్ళలో ఫ్లోరైడ్ ఎవరూ కలపరు. మనకి ఆ పని భూమే చేసి పెడుతుంది. ఆ మాట వదిలేసి, అమెరికావాడి గొడవని మన గొడవనుకుని తలలు బద్దలు కొట్టుకుంటున్నాం.

నేను చెప్పదలుచుకున్నది ఒక్కటే. ఫ్లోరైడ్ మంచిదా చెడ్డదా అన్న ప్రశ్నకి జవాబు లేదు. ఎవరికి, రోజుకి ఎంత అన్నదే అసలు ప్రశ్న. ఆ ప్రశ్న అడిగితే, మనం పెట్టుకున్న నీటి ప్రమాణం ఏసీలో కూర్చుని పనిచేసే నాలాంటివాడికి సరిపోయేలా ఉంది గానీ ఎండలో పనిచేసేవాడికి సరిపోదని తేలుతుంది. ఎలాగో చెప్తాను, కొంచెం ఓపిక పట్టండి.

ముందు కొంచెం కెమిస్ట్రీ. ఫ్లోరిన్ అనేది మూలకం, మహా దూకుడు వాయువు. అదే ఒక ఎలక్ట్రాన్ సంపాదించుకుని శాంతించిన రూపం ఫ్లోరైడ్. నీళ్ళలో, తిండిలో, మట్టిలో మనకి కనిపించేది ఈ రెండో రూపమే. ఇక్కడే చాలామంది ఇంకో పొరపాటు చేస్తారు. నాన్‌స్టిక్ పెనం మీద పూతలోనూ, కొలెస్టరాల్‌కి వాడే అటోర్వాస్టాటిన్‌లోనూ, సిప్రోఫ్లాక్సాసిన్‌లోనూ ఫ్లోరిన్ ఉంది. కానీ అది కార్బన్‌ని గట్టిగా పట్టుకుని కూర్చున్న ఫ్లోరిన్, ఫ్లోరైడ్ కాదు. పేరులో పోలిక చూసి అన్నిటినీ ఒకే గాటన కట్టడం జావానీ జావాస్క్రిప్ట్‌నీ ఒకటే అనుకోవడం లాంటిది.

మన పళ్ళూ ఎముకలూ కాల్షియం, ఫాస్ఫేటు కలిసిన ఒక స్ఫటికంతో తయారవుతాయి. దాని పేరు హైడ్రాక్సీ అపటైట్. అందులో హైడ్రాక్సైడ్ అయాను కూర్చునే ఒక చోటు ఉంటుంది. ఫ్లోరైడ్‌కి దాదాపు అదే సైజు, అదే చార్జి. మన భాషలో చెప్పాలంటే ఇంటర్‌ఫేస్ ఒకటే. అందుకని హైడ్రాక్సైడ్ ఉండాల్సిన చోట ఫ్లోరైడ్ దూరిపోతే స్ఫటికం ఏ ఎర్రరూ ఇవ్వకుండా ఒప్పేసుకుంటుంది. అలా తయారైనదే ఫ్లోరో అపటైట్. ఇది ఆమ్లానికి తొందరగా లొంగదు. మామూలు ఎనామిల్ పీహెచ్ 5.5 దగ్గర కరగడం మొదలుపెడితే ఇది 4.5 దాకా తట్టుకుంటుంది. టూత్‌పేస్టు కంపెనీల వ్యాపారమంతా ఈ ఒక్క అంకె తేడా మీదే నడుస్తోంది, అందులో అబద్ధం కూడా లేదు.

మరి పళ్ళకి మంచిదైతే ఎముకలకి ఇంకా మంచిది కదా? డాక్టర్లకీ ఇదే అనుమానం వచ్చింది. ఎముకలు గుల్లబారిన 202 మంది ఆడవాళ్ళ మీద అమెరికాలో రిగ్స్ అనే డాక్టరు బృందం నాలుగేళ్ళు పరీక్ష చేసి 1990లో ఫలితాలు ప్రచురించింది. సగం మందికి కాల్షియంతో పాటు రోజుకి 75 మి.గ్రా. సోడియం ఫ్లోరైడ్ ఇచ్చారు. వాళ్ళ వెన్నెముక సాంద్రత 35 శాతం దాకా పెరిగింది. ఆహా అనుకోండి. కానీ వెన్నుపూసలు విరగడం చెప్పుకోదగ్గంతగా తగ్గలేదు సరికదా, మిగతా ఎముకలు విరగడం ఎక్కువైంది. ఎముక చిక్కబడింది, పెళుసుబారింది. డాష్‌బోర్డులో మెట్రిక్ పచ్చగా ఉండి ప్రొడక్షన్లో సర్వర్ పడిపోవడం మనకి కొత్తేమీ కాదుగా!

ఫ్లోరైడ్ చేసే ఇంకో పని మీరందరూ ఏడాదికోసారి చూస్తూనే ఉంటారు, గమనించి ఉండరు. కంపెనీ హెల్త్ చెకప్‌లో షుగర్ పరీక్షకి రక్తం తీసి బూడిద రంగు మూత ఉన్న గొట్టంలో పోస్తారు. అందులో ఉండేది సోడియం ఫ్లోరైడ్. ఒంట్లోంచి బయటికి వచ్చాక కూడా రక్తకణాలు చక్కెరని తింటూనే ఉంటాయి. ఊరుకుంటే ల్యాబ్‌కి చేరేసరికి షుగర్ తక్కువ చూపిస్తుంది. కణం చక్కెరని పది మెట్లలో విరగ్గొడుతుంది. తొమ్మిదో మెట్టు దగ్గర ఎనొలేజ్ అనే ఎంజైము ఉంటుంది, దాని పనికి మెగ్నీషియం కావాలి. ఫ్లోరైడ్ అక్కడున్న ఫాస్ఫేటుతో కలిసి ఆ మెగ్నీషియాన్ని పట్టేసుకుంటుంది, ఎంజైము ఆగిపోతుంది. నోట్లో బాక్టీరియా ఆమ్లం తయారుచెయ్యడాన్ని మందగింపజేసేది కూడా ఈ దారినే.

అయితే ఫ్లోరైడ్ మన కణాలన్నిటినీ ఇలాగే ఆపేస్తుందా? లేదు. ఆ గొట్టంలో ఉండే మోతాదు మామూలుగా మన రక్తంలో ఉండే దానికి వేల రెట్లు. మళ్ళీ అదే మాట, ఎంత అన్నదే ముఖ్యం.

మింగిన ఫ్లోరైడ్ కడుపులో ఆమ్లంతో కలిసి తేలిగ్గా రక్తంలోకి వెళ్ళిపోతుంది. పెద్దవాళ్ళలో దాదాపు సగం మూత్రంలో పోతుంది, మిగతాది ఎముకల్లో చేరుతుంది. పెరిగే పిల్లల్లో ఇంకా ఎక్కువ భాగం ఎముకల్లోనే ఆగిపోతుంది. ఒంట్లో ఉన్న ఫ్లోరైడ్‌లో 99 శాతం ఎముకల్లో, పళ్ళలోనే ఉంటుంది. అంటే ఇది రోజువారీ ఖర్చు కాదు, ఏళ్ళ తరబడి పేరుకునే బాకీ.

ఇప్పుడు ఆ అమెరికా గొడవ ఏమిటో చూద్దాం. కొలరాడో స్ప్రింగ్స్‌లో 1901లో ప్రాక్టీసు పెట్టిన మెకే అనే డెంటిస్టు అక్కడివాళ్ళ పళ్ళ మీద గోధుమరంగు మరకలు చూసి కారణం కోసం వెతకడం మొదలుపెట్టాడు. ముప్ఫై ఏళ్ళు పట్టింది. 1931లో చర్చిల్ అనే కెమిస్టు అది నీళ్ళలోని ఫ్లోరైడ్ వల్లేనని తేల్చాడు. తమాషా ఏమిటంటే ఆ మరకలున్న పళ్ళు తక్కువగా పుచ్చిపోతున్నాయి. మరక పడనంత, పుచ్చు ఆగేంత మోతాదు ఎంతో లెక్క కట్టి 1945లో గ్రాండ్ ర్యాపిడ్స్ నగరంలో నీళ్ళలో కలపడం మొదలుపెట్టారు. అక్కణ్ణుంచి దేశమంతా పాకింది.

ఈ కథలో మనకి పనికొచ్చే ముక్క ఒకటుంది, ఎవరూ ఫార్వార్డ్ చెయ్యనిది. 1962లో అమెరికా ప్రభుత్వం చెప్పిన మోతాదు ఒక్క అంకె కాదు. లీటరుకి 0.7 నుంచి 1.2 మి.గ్రా. దాకా, ఊరి ఎండని బట్టి. చల్లటి ఊళ్ళో ఎక్కువ, వేడి ఊళ్ళో తక్కువ. ఎందుకంటే వేడి ఊళ్ళో జనం నీళ్ళు ఎక్కువ తాగుతారు కాబట్టి. 2015లో దాన్ని తీసేసి దేశమంతటికీ 0.7 చేశారు. ఒక కారణం ఏమిటంటే, ఇప్పుడు అమెరికాలో బయటి ఎండకీ తాగే నీళ్ళకీ పెద్దగా సంబంధం కనిపించడం లేదట. ఇళ్ళలో, కార్లలో, ఆఫీసుల్లో ఏసీలు ఉన్న దేశం మరి.

ఇక తెలివితేటల సంగతి. 2024లో అమెరికా ప్రభుత్వానికే చెందిన టాక్సికాలజీ సంస్థ ఒక నివేదిక ఇచ్చింది. లీటరుకి 1.5 మి.గ్రా. దాటిన చోట్ల పిల్లల ఐక్యూ తక్కువగా ఉండటానికీ ఫ్లోరైడ్‌కీ సంబంధం కనిపిస్తోందని, ఆ మాట ఓ మోస్తరు నమ్మకంతో చెప్పగలమని అంది. అమెరికాలో కలిపే 0.7 గురించి చెప్పడానికి తగినంత సమాచారం లేదని కూడా అంది. అదే ఏడాది ఒక ఫెడరల్ జడ్జి పర్యావరణ సంస్థని ఈ విషయంలో చర్య తీసుకోమన్నాడు. 2025లో యూటా, ఫ్లోరిడా రాష్ట్రాలు నీళ్ళలో కలపడాన్ని ఆపేశాయి. ఇంకోపక్క 2024లోనే కోక్రేన్ సంస్థ పాత కొత్త అధ్యయనాలన్నీ జల్లెడ పట్టి, టూత్‌పేస్టులో ఫ్లోరైడ్ వచ్చేశాక నీళ్ళలో కలపడం వల్ల వచ్చే లాభం బాగా తగ్గిపోయిందని చెప్పింది.

డాలస్‌లోనో సియాటిల్‌లోనో ఉన్న మిత్రులకి ఇది నిజంగానే తేల్చుకోవాల్సిన విషయం. అందరి నీళ్ళలో కలపాలా వద్దా అన్నది అక్కడి ఓటర్ల పని. నా మటుకు నాకు, పేస్టు అందరికీ అందుబాటులో ఉన్నచోట నీళ్ళలో కూడా కలపాల్సిన అవసరం తగ్గిందనిపిస్తుంది. కానీ ఆ నివేదికలో ఉన్న అంకె మళ్ళీ చూడండి: 1.5. ఆ అంకె దాటిన నీళ్ళు అమెరికాలో అక్కడక్కడా మాత్రమే దొరుకుతాయి. మన దగ్గర తరాల తరబడి తాగారు. ఆ నివేదిక చదివి భయపడాల్సిందెవరు? పేస్టు మార్చుకున్నది ఎవరు?

మన కథ అమెరికా కథ కంటే మరీ కొత్తదేమీ కాదు. మన దేశంలో ఫ్లోరోసిస్‌ని వైద్య పత్రికల్లో మొదట నమోదు చేసింది 1937లో, అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లా నుంచి. కనిగిరి, పొదిలి, దర్శి అప్పట్లో ఆ జిల్లావే, 1970లో ప్రకాశం జిల్లాలోకి వెళ్ళాయి. నల్గొండ గురించి 1955లోనే బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వ్యాసం వచ్చింది. వంగిన వెన్ను, తిరగని మెడ, వంకరపోయిన కాళ్ళు. ముప్ఫై ఏళ్ళకే కర్ర పట్టుకు నడిచే మనుషులు. ఇదంతా ఏ ఫ్యాక్టరీ వదిలిన విషమో కాదు. ఆ నేల గ్రానైటు. అందులో ఫ్లోరైడ్ ఉన్న ఖనిజాలున్నాయి. నీళ్ళలో కాల్షియం బాగా ఉంటే ఫ్లోరైడ్ దానితో కలిసి అడుక్కి దిగిపోతుంది. కాల్షియం తక్కువగా ఉండి సోడా గుణం ఎక్కువున్న నీళ్ళలో మాత్రం కరిగి అలాగే ఉండిపోతుంది. బోరు ఎంత లోతుకి వెళ్తే నీళ్ళు అంత ఎక్కువ కాలం రాయిని నానబెట్టి ఉంటాయి. నల్గొండ జిల్లాలో లీటరుకి 8 మి.గ్రా. దాటిన నమూనాలు కూడా నమోదయ్యాయి. ఇంతా చేసి రంగుండదు, రుచుండదు, వాసనుండదు.

నాగపూర్‌లోని నీరి సంస్థ 1970లలో పటిక, సున్నం వేసి ఫ్లోరైడ్ తీసే పద్ధతి కనిపెట్టి దానికి "నల్గొండ టెక్నిక్" అని పేరు పెట్టింది. ప్రపంచమంతా పాఠ్యపుస్తకాల్లో ఆ పేరు ఉంది. ఊరి పేరు పుస్తకాల్లోకి ఎక్కింది, ఊళ్ళోకి మంచినీళ్ళు మాత్రం రాలేదు. 1996 లోక్‌సభ ఎన్నికల్లో నల్గొండ నియోజకవర్గంలో 480 మంది అభ్యర్థులు నిలబడ్డారు, గెలవడానికి కాదు, నీళ్ళ గోడు దేశానికి వినపడాలని. బ్యాలెట్ పేపరు కాస్తా పుస్తకమైపోయింది. ఎన్నిక వాయిదా వేసి మళ్ళీ పెట్టాల్సి వచ్చింది. మర్రిగూడ మండలం శివన్నగూడెం మనిషి అంశల స్వామిని, ఫ్లోరోసిస్‌తో ఎదుగుదల ఆగిపోయిన కుర్రవాణ్ణి, ఢిల్లీ తీసుకెళ్ళి వాజపేయి గారి బల్ల మీద పడుకోబెట్టి చూపించారు. ఆయన 2023లో పోయాడు.

హైదరాబాద్‌లో ఉండే మనం ఒక సంగతి గుర్తుపెట్టుకోవాలి. 2004లో కృష్ణా నీళ్ళు నగరానికి చేరాయి. ఆ పైపులు వచ్చింది నల్గొండ జిల్లా మీదుగానే. మన ఐటీ పార్కులు పెరుగుతున్న రోజులవి. ఆ తర్వాత కూడా ఆ జిల్లాలో ఎన్నో ఊళ్ళు పదేళ్ళకి పైగా బోరు నీళ్ళే తాగాయి.

మా టీములో మర్రిగూడ వైపు అబ్బాయి ఒకడున్నాడు. మంచి డెవలపరు. క్లయింటు వీడియో కాల్ అంటే కెమెరా ఆన్ చెయ్యడు, ఫొటో అంటే నోరు తెరవడు. ఓసారి టీ తాగుతుంటే తనే అన్నాడు: "గుట్కా తింటవా అని అడుగుతరన్నా. మా ఊరి నీళ్ళు తాగినోళ్ళందరివీ ఇసొంటి పండ్లే. చిన్నప్పుడైతే మాకందరికీ గిట్లనే ఉంటయనుకున్నం." పన్ను తయారయ్యే వయసులో, అంటే ఎనిమిదేళ్ళ లోపు పడ్డ మరక అది. తర్వాత ఎన్ని మంచినీళ్ళు తాగినా పోదు. చదువు, ఉద్యోగం, ఊరు అన్నీ మార్చుకున్నాడు, ఆ బాకీ మాత్రం నోట్లోనే ఉంది. ఇది తేలికపాటి కేసు అని మర్చిపోకండి.

మిషన్ భగీరథ వచ్చాక నల్గొండ పరిస్థితి బాగా మారింది, ఆ మాట ఒప్పుకోవాలి. నది నీళ్ళలో ఫ్లోరైడ్ మామూలుగా తక్కువ. 2020 నాటికి కేంద్రం లెక్కల్లో తెలంగాణలో ఫ్లోరైడ్ పీడిత ఆవాసాలు సున్నాకి వచ్చాయి. ఎవరు చేసినా మంచి పనే. కానీ ఆ సున్నా ఇంటికిచ్చే నీళ్ళకి సంబంధించిన సున్నా. భూమిలో నీళ్ళు మారలేదు. పైపు పగిలిన వారం రోజులూ, మోటారు కాలిన పది రోజులూ, పొలంలో దాహం వేసిన ప్రతిసారీ చెయ్యి వెళ్ళేది ఆ బోరు దగ్గరికే.

ఇక అసలు లెక్క. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన హద్దు లీటరుకి 1.5 మి.గ్రా. మన భారతీయ ప్రమాణం ఐఎస్ 10500 లో రెండంకెలు ఉన్నాయి. ఉండాల్సింది 1.0, వేరే గతి లేకపోతే 1.5 దాకా. ఆచరణలో ఊరు పీడిత గ్రామమా కాదా అని తేల్చేది ఆ రెండో అంకే.

నేను రోజుకి రెండు లీటర్లు తాగుతాను. 1.5 చొప్పున 3 మి.గ్రా. అయింది. మా అపార్ట్‌మెంట్ పక్కన కొత్త టవర్ కడుతున్నారు. మే నెలలో అక్కడ పనిచేసే మేస్త్రి ఆరు లీటర్లు తాగుతాడు. అదే నీళ్ళు, అదే 1.5, ఆయనకి 9 మి.గ్రా. అన్నం, పప్పు ఉడికిన నీళ్ళు, నాలుగు టీలు కలిపితే 10 దాటుతుంది. రోజూ ఒంట్లోకి చేరేది 6 మి.గ్రా. దాటితే ఎముకలకి ముప్పు మొదలవుతుందనడానికి సూచనలున్నాయని, 14 దగ్గర అది స్పష్టమని ప్రపంచ ఆరోగ్య సంస్థే 2002లో ఒక నివేదికలో చెప్పింది. అంటే నీళ్ళు "పాస్" అయ్యాయి, మనిషి ఫెయిలయ్యాడు. ఏడాది పొడుగునా ఆరు లీటర్లు తాగడు, నిజమే. కానీ మన ఎండాకాలం ఎన్ని నెలలో మీకు నేను చెప్పక్కర్లేదు. పదిహేను కేజీల పిల్లాడు లీటరు తాగితే కేజీ లెక్కన అరవై కేజీల నాకంటే రెట్టింపు చేరుతుంది. వాడి పళ్ళు అప్పుడే తయారవుతుంటాయి కూడా.

ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆ 1.5 ని గుడ్డిగా తీసుకోమనలేదు. మీ ఎండ, మీ జనం తాగే నీళ్ళు, మీ తిండి చూసుకుని మీ అంకె పెట్టుకోండని అదే చెప్పింది. అమెరికావాడు 1962లోనే వేడి ఊళ్ళకి 0.7 చాలన్నాడు. అంతకంటే ఎండలు మండే మనం "గతి లేకపోతే 1.5" అని రాసుకుని కూర్చున్నాం. ఎవరికోసమో రాసిన కాన్‌స్టంట్‌ని కాపీ పేస్ట్ చేసి ప్రొడక్షన్లో పెట్టేసినట్టుంది. యూజర్ ఎవరని అడిగినవాడు లేడు.

తిండి సంగతి కూడా ఇందులో భాగమే. మన హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ దీని మీద దశాబ్దాలుగా పనిచేసింది. మోకాళ్ళు రెండూ తగులుకునేలా కాళ్ళు వంకరపోవడం జొన్న తినేవాళ్ళలో ఎక్కువగా ఉందని 1970లలో అక్కడి శాస్త్రవేత్తలు గమనించారు. వరి తినేవాళ్ళ కంటే జొన్న తినేవాళ్ళ ఒంట్లో ఫ్లోరైడ్ ఎక్కువ నిలుస్తోందని కూడా తేల్చారు. షుగర్ భయంతో జొన్నరొట్టెలకి మారిన మిత్రులు కంగారుపడక్కర్లేదు. జొన్న విషం కాదు. ఆ నీళ్ళు, ఆ నేలలో పండిన జొన్న, పాలు గుడ్లు లేని పేదతిండి, ఈ మూడూ కలిస్తే వచ్చిన ఫలితం అది. తిండిలో కాల్షియం ఉంటే పేగుల్లోనే కొంత ఫ్లోరైడ్‌ని పట్టేసుకుని బయటికి పంపేస్తుంది. గ్లాసు పాలు తాగే పిల్లాడికీ తాగని పిల్లాడికీ ఒకే బోరు నీళ్ళు ఒకేలా పనిచెయ్యవు.

చింతపండు మీద కూడా అదే సంస్థ 2002లో ఒక అధ్యయనం ప్రచురించింది. మగపిల్లలకి రోజూ భోజనంతో 10 గ్రాముల చింతపండు ఇస్తే మూత్రంలో పోయే ఫ్లోరైడ్ పెరిగింది. మన పులుసుకి ఇంత విలువుందా అని నాకూ ముచ్చటేసింది. అలాగని "చారు తాగండి, ఫ్లోరైడ్ తరిమేయండి" అని మొదలుపెట్టకండి బాబూ. అది కొద్దిమంది మీద కొద్దిరోజులు చేసిన పరీక్ష, నీళ్ళు మార్చడానికి బదులు కాదు.

టీ ఆకు మట్టిలోంచి ఫ్లోరైడ్‌ని బాగా లాగుతుంది. ముదురాకులో ఇంకా ఎక్కువ. రోజుకి మూడు నాలుగు చిన్న కప్పులకి భయం లేదు. 2013లో అమెరికాలో ఒక కేసు వైద్య పత్రికలో వచ్చింది. 47 ఏళ్ళావిడ పదిహేడేళ్ళ పాటు రోజూ 100 నుంచి 150 టీ బ్యాగులు వేసుకుని తాగి, ఫ్లోరోసిస్ ఎముకలతో ఆస్పత్రికి వచ్చింది. రిలీజు ముందు మనం కూడా ఆ స్థాయికి దగ్గర్లోకి వెళ్తుంటాం గానీ, మరీ అంత కాదు!

మనం చెయ్యగలిగిన చిన్న పనులు కొన్ని చెప్పేస్తాను. నీళ్ళు మరిగిస్తే ఫ్లోరైడ్ పోదు. నీళ్ళు ఆవిరై అది మిగులుతుంది, రెండు లీటర్లు లీటరయ్యేదాకా మరిగిస్తే గాఢత రెట్టింపవుతుంది. ఫిల్టరు అమ్మేవాడు పెన్నులాంటి మీటరు ముంచి చూపించే టీడీఎస్‌కీ ఫ్లోరైడ్‌కీ సంబంధం లేదు. 500 టీడీఎస్‌లో ఈ ఒకటిన్నర ఎక్కడ కనపడుతుంది? 200 ఉన్న నీళ్ళలోనూ ఫ్లోరైడ్ ఎక్కువుండొచ్చు. ల్యాబ్‌లో ఫ్లోరైడ్ అని పేరుపెట్టి అడిగి పరీక్ష చేయించాలి. నగర శివార్లలో బోరు, ట్యాంకర్ నీళ్ళ మీద బతికే అపార్ట్‌మెంట్లకి ఇది తప్పనిసరి. ఆర్వో ఫ్లోరైడ్‌ని తీస్తుంది, కానీ బయటికి వదిలే నీళ్ళలో అది ఇంకా చిక్కబడి పోతుంది, అది ఎక్కడికి పోతోందో చూసుకోవాలి. టూత్‌పేస్టు విషయానికొస్తే, మూడేళ్ళ లోపు పిల్లలకి బియ్యపుగింజంత, ఆరేళ్ళ దాకా బఠాణీగింజంత, మింగకుండా ఉమ్మించడం. మీ నీళ్ళు మంచివైతే ఇంతకు మించి ఆందోళన అనవసరం.

పెద్ద పనులు మాత్రం ప్రభుత్వాలవి. "గతి లేకపోతే" అన్న ఆ రెండో అంకెని తీసెయ్యాలి. కనీసం బడులకీ, అంగన్‌వాడీలకీ, ఉపాధి హామీ పనులు జరిగే చోట్లకీ 1.0 ని అసలు హద్దుగా పాటించాలి. నది నీళ్ళు వచ్చిన ఊళ్ళో పాత బోర్ల మీద కూడా అంకె రాసి పెట్టాలి, ఏటా కొలవాలి. ఫ్లోరైడ్ నేలల్లో బడిపిల్లల గుడ్డూ పాలూ పోషకాహారం ఖాతాలోనే కాదు, మందు ఖాతాలో కూడా రాసుకోవాలి.

దీనికి ఒక మిత్రుడు చెప్పిన అడ్డు ఏమిటంటే, హద్దు తగ్గిస్తే వేల ఊళ్ళు రాత్రికి రాత్రి పీడిత జాబితాలోకి వచ్చేస్తాయి, డబ్బెక్కణ్ణుంచి తెస్తారు అని. నిజమే, ఖర్చు చిన్నది కాదు. కానీ ఆ ఊళ్ళు జాబితాలోకి కొత్తగా వస్తాయి గానీ, ఆ నొప్పులు కొత్తగా రావు. బగ్ తీవ్రతని "లో" అని మార్చేసి స్ప్రింట్ మూసేస్తే రిపోర్టు బాగుంటుంది, కస్టమర్ బాగుండడు. పైగా ఇక్కడ కస్టమర్ టికెట్ వెయ్యలేడు. నడుం పట్టేసిందని మంచమ్మీద కూర్చుంటాడు, వయసు మీద పడింది కదా అనుకుంటాడు.

ఇంత చదివారు కాబట్టి ఒక్కటే అడుగుతాను. మీ అమ్మానాన్నలు ఉండే ఊళ్ళో ఇప్పుడు తాగుతున్న నీళ్ళు ఎక్కడివి, నదివా బోరువా? అందులో ఫ్లోరైడ్ ఎంతో మీకు తెలుసా? ఈసారి ఊరెళ్ళినప్పుడు ఒక సీసాడు పట్టుకొచ్చి పరీక్ష చేయించండి. ఒకటి దాటితే గ్రూపులో ఫార్వార్డ్ చెయ్యాల్సింది ఆ కాగితం.